గంట నోరు నేనే మూయించాను

నాకు చేతి దురుసు ఎక్కువ. చిన్నప్పటి నుంచీ నా కోపం నోటికంటే ముందు చేతికి వచ్చేది. బడిలో ఉన్నప్పుడు తోటివాళ్ల పలకలు పగిలాయి, పెళ్లయ్యాక ఇంట్లో రెండు సెల్‌ఫోన్లు పగిలాయి. ఉద్యోగంలో చేరాక మోడెములను తన్నడం అలవాటైంది. అందులో కొన్ని తన్నితేనే పనిచేసేవి, కాబట్టి అది తప్పని నాకెవరూ చెప్పలేదు.

నేను జహీరాబాద్‌లో చేసే పని పాత యంత్రాల మాటను కొత్త నెట్‌వర్క్ మీదికి ఎక్కించడం. కోహీర్ అవతల చేల మధ్య మనిషి కాపలా లేని సబ్‌స్టేషన్ ఒకటి ఉంది. దాన్ని ఇక్కడి కంట్రోల్ రూం నుంచే నడుపుతారు. అక్కడ ఒక పాత ఇనప పెట్టె ఉంటుంది. ఇక్కడి ఆపరేటర్ మీట నొక్కి లైన్ ఆపమంటే అది ఆపుతుంది, ఇమ్మంటే ఇస్తుంది. ఇన్నాళ్లూ ఈ గదినీ ఆ పెట్టెనూ కలిపింది ఒక రాగి తీగ. ఆ తీగ పాడైపోయింది. దాని బదులు ఫైబర్ వేసి, రెండు చివర్లా రెండు రౌటర్లు పెట్టి, పాత మాటను వాటి గుండా పంపే పని నా నెత్తిన పడింది.

ఆ పాత పెట్టె మహా మొండిది. తాళం వేసినట్టు టక్ టక్ మని క్లాక్ దెబ్బలు పడుతుంటే, ఒక్కో దెబ్బకు ఒక్కో ముక్క చొప్పున మాట్లాడుతుంది. దెబ్బ తప్పితే మాట తప్పుతుంది. కొత్త నెట్‌వర్క్‌కు ఆ పట్టింపు లేదు. అది మాటలను మూటలు కట్టి, దారి దొరికినప్పుడు చేరవేస్తుంది. కంట్రోల్ రూంలోని యంత్రం రెండు క్షణాలకోసారి ‘ఉన్నావా?’ అని అడుగుతుంది. మూడుసార్లు అడిగినా ‘ఉన్నా’ అని వెంటనే బదులు రాకపోతే గోడ మీది గంట మోగుతుంది. బదులు కాస్త ఆలస్యంగా వస్తుండటంతో పూటకు పదిసార్లు ఆ గంట చెవులు చిల్లులు పడేలా మోగింది.

నేను క్లాక్ మార్చాను, కేబుళ్లు మార్చాను, రౌటర్ మార్చాను. నాలుగో రోజు ఒళ్లు మండి చెప్పు తీసుకుని గంటను కొట్టాను. కంట్రోల్ రూం ఆపరేటర్ నాకంటే పెద్దవాడు, న్యాల్‌కల్ వైపు మనిషి, నెమ్మదస్తుడు. నన్ను చూసి నవ్వాడు.

“మోగనియ్యుండ్రి సార్. గది మోగితే అవతల సప్పుడు లేదని నాకెర్కైతది. నాకేం తక్లీఫ్ లేదు.”

“నీకు లేదన్నా, నాకుంది,” అన్నాను. నా పనితనాన్ని ఊరంతా వినేలా తిడుతున్నట్టుండేది ఆ మోత.

రౌటర్‌లో ఒక సదుపాయం ఉంది. అవతలి పెట్టె తరఫున ఇవతలి రౌటరే ‘ఉన్నా’, ‘అందింది’ అని వెంటనే చెప్పేస్తుంది. అసలు మాటను తర్వాత తీరుబడిగా చేరవేస్తుంది. దానికి రౌటర్ సెట్టింగుల్లో ఒక్క లైన్ రాస్తే చాలు. ఫైబర్ తెగినప్పుడు మాత్రం అలా బదులు చెప్పకూడదని ఇంకో లైన్ కూడా రాయాలి. మొదటిది రాశాను. గంట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందంటే, రెండోది రేపు రాద్దామని ఇంటికి పోయాను. ఆ రేపు రాలేదు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం రోడ్డు పనిలో జేసీబీ ఫైబర్‌ను తెంపేసింది. ఎవరికీ తెలియలేదు. పది గంటలకు ఒక లైన్‌మన్ అల్లం చేను గట్టున స్తంభం దగ్గర నిలబడి, లైన్ ఆపమని ఆపరేటర్‌కు ఫోన్ చేశాడు. ఆపరేటర్ మీట నొక్కాడు. ఆ మాట అవతలికి పోనే లేదు. ఇక్కడి నా రౌటరే ‘అందింది’ అని చెప్పింది. దాన్ని నమ్మి తెర మీద ఎర్ర గుర్తు పచ్చగా మారింది. పచ్చ అంటే కరెంటు లేనట్టు. ఎక్కమని ఆపరేటర్ చెప్పాడు, అతను ఎక్కాడు.

ముట్టుకునే ముందు తీగకు, నేలకు కలిపిన ఎర్త్ రాడ్ తగిలించి చూడటం ఆ లైన్‌మన్‌కు అలవాటు. ఆ అలవాటే అతని ప్రాణం నిలిపింది. తగిలించగానే నిప్పు బంతి లేచిందట. కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది, సగం ముఖం కమిలిపోయింది. అప్పుడే తవ్వి మెత్తగా ఉన్న అల్లం మడిలో పడ్డాడు.

ఫోన్ రాగానే దవాఖానకు పోయాను. స్ట్రెచర్ మీద ఆ చేతిని చూశాను. వేళ్లు ముడుచుకుని బొగ్గులా ఉన్నాయి, మణికట్టు దగ్గర ఎముక తెల్లగా కనిపిస్తోంది. మాంసం కాలిన వాసన. బయటికొచ్చి మెట్ల పక్కన కక్కుకున్నాను. అప్పటికి కూడా ఇది ఆపరేటర్ పొరపాటనే అనుకున్నాను.

కంట్రోల్ రూంకి చేరేసరికి లోపల పదిమంది ఉన్నారు. లైన్‌మన్ తమ్ముడు ఆపరేటర్‌ను కింద పడేసి, గొంతు మీద మోకాలు పెట్టాడు. విరిగిన కుర్చీ కాలు ఆ తమ్ముడి చేతిలో ఉంది. ఆపరేటర్ కింది పెదవి రెండుగా చీలింది, ఒక కన్ను మూసుకుపోయింది. రక్తం చొక్కా మీదుగా నేల మీదికి కారుతోంది.

“మా అన్నను సంపుతవారా? నిద్రపోతున్నవారా కుర్సీల?”

“పచ్చగైందన్నా... నా కండ్లతోని చూసిన. పచ్చగైనంకనే ఎక్కుమన్న,” అంటున్నాడు ఆపరేటర్, దెబ్బకూ దెబ్బకూ మధ్య.

పచ్చగైంది అన్న మాట వినగానే గోడ పక్కన నా రౌటర్ వైపు చూశాను. దాని మీద ఫైబర్ దీపం ఆరిపోయి ఉంది. అయినా గంట మోగడం లేదు. ఆ మనిషి తింటున్న ప్రతి దెబ్బా నాది.

అప్పుడు నేనేం చేశానో దాచను. అడ్డం పోలేదు. మిషన్ బాగుచేయడానికి వచ్చాననుకుని వాళ్లు నన్ను పట్టించుకోలేదు. లాప్‌టాప్ తీసి, రౌటర్‌కు కేబుల్ తగిలించి, నేను రాసిన ఆ లైన్ తీసేశాను. విచారణకు వచ్చేవాళ్లకు అది కనపడకూడదు, అంతే నా ఆలోచన. నా వెనకాల ఒక మనిషి గొంతులోంచి గురగుర వినిపిస్తుంటే, నా వేళ్లు ఒక్క అక్షరం తప్పు కొట్టలేదు. ఇవాళ్టికీ నాకు అన్నిటికంటే సిగ్గు అనిపించేది ఆ వేళ్లను తలుచుకుంటేనే.

ఫైబర్ ఇంకా తెగే ఉందని భయంలో మర్చిపోయాను. అబద్ధం చెప్పేవాడు లేకపోవడంతో యంత్రం మూడుసార్లు అడిగింది, బదులు రాలేదు. గోడ మీది గంట గది అదిరేలా మోగింది.

అందరూ ఆగిపోయారు. తమ్ముడు కుర్చీ కాలు పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు.

“ఏందా మోత?”

ఆపరేటర్ నేల మీది నుంచే తల తిప్పాడు. ఆ ఒక్క కన్నుతో ముందు గంటను, తర్వాత నా ఒళ్లోని లాప్‌టాప్‌ను చూశాడు.

“సార్, గిది పొద్దుగాల ఎందుకు మోగలే?”

గంట మోగుతూనే ఉంది. అది మోగకపోయి ఉంటే నేను లాప్‌టాప్ మూసి ఇంటికి పోయేవాణ్ని, అన్నం కూడా తినేవాణ్ని.

“నేను ఆపిన. గంట నేనే ఆపిన. గీ అన్న తప్పేం లేదు, ఇడువుండ్రి,” అన్నాను.

మొదటి దెబ్బ దవడ మీద పడింది. ఒక పన్ను నాలుక మీదికి ఊడి వచ్చింది. రెండోది పక్కటెముకల మీద. ఆ తర్వాత లెక్క తెలియలేదు. చెయ్యి దురుసు మనిషినే కానీ ఆ రోజు నా చేతులు పైకి లేవలేదు. నా మీద పడి ‘ఇగ సాలు’ అని అడ్డుకున్నవాడు ఆపరేటర్. అతని రక్తం నా మెడ మీద వెచ్చగా పడింది.

ఆపరేటర్‌ మీద మచ్చ లేకుండా విచారణ ముగిసింది. నా ఉద్యోగం పోలేదు, పోతే బాగుండనిపించింది. ఫైబర్ అతికించాక సరైన లైన్లు రాసే పని కూడా నాకే అప్పజెప్పారు.

కొన్ని నెలల తర్వాత లైన్‌మన్ కంట్రోల్ రూంకి వచ్చాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది, చొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను, కొట్టినా పడదామనే.

“మా తమ్ముడు కొట్టిండంట గద. గట్టిగనే కొట్టిండా?”

“పన్ను పోయింది.”

“గింతంత పన్నేనా,” అని నవ్వి, గోడ వైపు చూశాడు. “గదేనా గంట? ఒక్కసారి మోగిపియ్యి.”

రౌటర్ లోంచి ఫైబర్ ఊడదీశాను. గంట మోగింది. ఆపరేటర్ తల వంచుకున్నాడు. లైన్‌మన్ గోడకు దగ్గరగా పోయి, ఎడమ అరచెయ్యి గంట పక్కన గోడకు ఆనించి విన్నాడు.

“గింత గట్టిగ మోగుతదా!” అన్నాడు. “ఆ దినం గిది గీ అన్నకు ఇనొస్తే, నేను స్తంభం కింద కూసోని బీడీ తాగుకుంట ఉండేటోన్ని.”

ఫైబర్ తిరిగి పెట్టబోయాను.

“ఉండనియ్యి,” అన్నాడు, నా వైపు తిరక్కుండానే. “జరసేపు మోగనియ్యి.”