మా మీటరు మోయగలిగిన వెల్డింగ్ మిషన్

ముందుగా దేవునికి స్తోత్రం. ఇనుమును భూమిలో దాచినవాడు ఆయనే, దాన్ని కరిగించి అతికే తెలివి మనిషికి ఇచ్చినవాడూ ఆయనే. ఆ తెలివి నా తలకెక్కినప్పుడు ఒక ఫ్యూజు కాల్చి నన్ను కిందికి దించినవాడు కూడా ఆయనే. ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఇక సంగతి చెబుతాను.

1998 వర్షాకాలంలో మా కంపెనీ నన్ను సీనియర్ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా మాదాపూర్‌కు వేసింది. అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ భవనానికి ఇనుప కప్పు ఎత్తుతున్నాం. చుట్టూ రాళ్ళగుట్టలు, ఎర్రమట్టి, మధ్యలో మా క్రేన్లు. వెల్డర్ అతికిన ప్రతి జాయింటునూ చూసి, కొలిచి, బాగుంటే సంతకం పెట్టడం, బాగాలేకపోతే పసుపు రంగు మార్కర్‌తో పక్కన రిజెక్ట్‌కు గుర్తుగా ‘ఆర్’ అని రాయడం ఇన్‌స్పెక్టర్ పని. ఆ అక్షరం పడితే వెల్డర్ దాన్ని గ్రైండర్‌తో కోసేసి మళ్ళీ అతకాలి. నా మార్కర్ నెలకొకటి అయిపోయేది. కాబట్టి వెల్డర్లకు నేనెంత ఇష్టుడినో ఊహించుకోవచ్చు.

నేను ఐటీఐలో వెల్డింగే నేర్చుకున్నాను. కానీ వెల్డింగ్ రాడ్ బిగించే హోల్డర్ పట్టుకుని అప్పటికి పద్నాలుగేళ్ళు దాటింది. నా విద్య చేతుల్లోంచి కళ్ళలోకి వెళ్ళిపోయింది.

ప్రమోషన్ వచ్చిన వారం ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘాలలో దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పే సమయం అది. నేను లేచాను. చెప్పవలసింది రెండు మాటలు. ఆనందంలో ఎక్కడ ఆపాలో తెలియలేదు. మియాపూర్ దగ్గర కడుతున్న మా కొత్త మందిరానికి గేటు నా సొంత చేతులతో చేసి ఇస్తానని మొక్కుకుంటున్నట్టు నా నోటితో నేనే అన్నాను. సంఘమంతా హల్లెలూయా అన్నారు. పక్క వరుసలో కూర్చున్న నా భార్య సుగుణ మాత్రం నా చొక్కా అంచు పట్టి లాగింది. అప్పటికే ఆలస్యమైంది.

మర్నాడు పొద్దున్నే పాస్టర్ గారు గ్రిల్ షాపులో చెప్పి ఉంచిన గేటు వద్దనేశారు. మందిర ప్రతిష్ఠకు ఆరు వారాలే ఉంది. ప్రహరీ పూర్తయింది గానీ గేటు స్థలం ఖాళీ. సిమెంటు బస్తాలపై కూర్చుని ఆరాధన చేసుకుంటుంటే, రెండో కీర్తనకు నాలుగు గేదెలు లోపలికి వచ్చి ప్రసంగం ముగిసేదాకా ఉండేవి. సంఘం ముందు పలికిన మాట అది. తప్పితే మళ్ళీ ఆ గుంపులో లేచి నిలబడే ముఖం నాకు ఉండదు.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మా ఇంటి వెనుక స్కూటరు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. స్కూటరును వరండాలోకి తెచ్చి షెడ్డును వర్క్‌షాప్ చేశాను. ఇక మిషన్ కొనాలి. ఇక్కడే నా హోదా పని చెయ్యడం మొదలుపెట్టింది.

రాణీగంజ్‌లో మూడు దుకాణాలు తిరిగి మూడు కొటేషన్లు తెచ్చాను. ఆఫీసులో చేసినట్టే గీతలు కొట్టి పోలిక పట్టిక తయారుచేశాను. వైండింగ్ రాగిదా అల్యూమినియందా, చల్లబరిచేది గాలా నూనెనా, ఎన్ని ఆంపియర్లు, ఎంతసేపు ఆపకుండా కాలుస్తుంది, ఇలా పదకొండు గళ్ళు. సుగుణ ఆ పట్టిక చూసి, “నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు పాట వచ్చా అని ఒక్క ప్రశ్న అడిగారు. దీనికి పదకొండా?” అంది.

మూడు వందల ఆంపియర్ల నూనె మిషన్ మీద నా మనసు పడింది. నాలుగు చక్రాల మీద నిలిచే పెద్ద ఇనుప పెట్టె అది. లోపల నూనెలో రాగి తీగ చుట్లు మునిగి ఉంటాయి. రెండు వందల ముప్పై వోల్టుల ఇంటి కరెంటుకూ కలపవచ్చని దాని రేకు మీద రాసి ఉంది. ఆ గడిలో టిక్కు పెట్టాను.

నేను ప్రార్థన చేయకుండా కొనలేదు. “ఇది నీ చిత్తం కాకపోతే తలుపు మూసెయ్యి ప్రభువా” అని మోకాళ్ళ మీద అడిగాను. మా వాళ్ళందరం అలాగే అడుగుతాం. తర్వాత ఎటు చూసినా తెరిచిన తలుపులే. దుకాణదారు అడగకుండానే కేబుళ్ళు ఉచితంగా ఇచ్చాడు. అది ఒక తలుపు. ట్రాలీ ఆటో ఖాళీగా కూకట్‌పల్లి వైపే పోతోంది. అది రెండో తలుపు. అంతవరకు కురుస్తున్న వాన మిషన్ ఎక్కించగానే ఆగింది. మూడో తలుపుతో నాకు కళ్ళు చెమర్చాయి. దారంతా ఆటో వెనక మిషన్‌ను కౌగిలించుకుని పాటలు పాడుకుంటూ వచ్చాను.

శనివారం సాయంత్రం నాలుగింటికి పాస్టర్ గారు, నలుగురు సంఘపెద్దలు వచ్చారు. కొత్త బండి కొంటే ప్రార్థన చేసినట్టే మిషన్ మీద చేతులుంచి ప్రార్థన చేశారు. సుగుణ కేసరి పంచింది. నేను హెల్మెట్ దించుకుని ఒక ఇనుప ముక్క మీద రాడ్ గీశాను.

ధబ్బుమని ఒక శబ్దం. హెల్మెట్ నల్లద్దం లోంచి నాకేమీ కనబడలేదు. ఇంట్లో ఫ్యాన్లు నెమ్మదిస్తున్న చప్పుడు, తర్వాత వీధిలో ఒక్కో ఇంటి నుంచీ ‘అయ్యో’ అన్న నిట్టూర్పు వినబడ్డాయి. ఆ నిశ్శబ్దంలో సంఘపెద్ద ఒకాయన అలవాటుగా “ఆమేన్” అన్నారు.

మా ఫ్యూజే కాదు, స్తంభం మీద వీధి ఫ్యూజు కూడా పోయింది. లైన్‌మన్ వచ్చి సరిచేసేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఎదురింటి సుబ్బలక్ష్మిగారు గేటు దగ్గర నిలబడి, నేను కనబడినప్పుడల్లా తల అడ్డంగా ఊపారు.

సోమవారానికి వార్త సైటుకు చేరింది. ఎలా చేరిందో దేవునికే తెలుసు. కనకయ్య అని శేరిలింగంపల్లి మనిషి, సైట్లో అందరికన్నా సీనియర్ వెల్డర్, భోజనాల వేళ నా దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు వారమే అతని జాయింట్లు నాలుగింటికి నేను ‘ఆర్’ రాసి ఉన్నాను. ఇవాళ అతని రోజు అనుకున్నాను. అతను టిఫిన్ డబ్బా పక్కన పెట్టి కథంతా విన్నాడు. నేను మూడు తలుపుల సంగతీ దాచకుండా చెప్పాను.

“దేవుడు తలుపులు తెరిచిండు సార్, మంచిదే” అన్నాడు. “మీటర్ డబ్బా తలుపు మీరు తెరిచి చూసిండ్రా?”

చూడలేదు. సైట్లో కరెంటు అంటే ఎలక్ట్రీషియన్ తెచ్చి బోర్డు దగ్గర ఉంచే వస్తువు. అది ఎక్కడినుంచి వస్తుందో ఇన్‌స్పెక్టర్‌కు పట్టదు. నా పదకొండు గళ్ళలో మా ఇంటి మీటరుకు గడి లేదు.

ఆ సాయంత్రం కనకయ్య నాతో ఇంటికి వచ్చి మీటరు, వైర్లు, షెడ్డు చూశాడు. గేటుకు వాడే ఇనుము ఏదని అడిగాడు. చూపించాను. అన్నీ ఎల్ ఆకారపు పలచని యాంగిళ్ళు, వేలు లావు చదరపు కడ్డీలు. “గీ పనికి పన్నెండు నంబర్ రాడ్ సాలు సార్. ఎనభై ఆంపియర్లు. మూడు వందలు ఏం జేస్కుంటరు, బ్రిడ్జి కడ్తరా?” అన్నాడు. పన్నెండు నంబరంటే రెండున్నర మిల్లీమీటర్ల సన్న రాడ్. గాలితో చల్లబడే నూట యాభై ఆంపియర్ల చిన్న మిషన్ తెమ్మని, అదనపు లోడుకు కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టమని, బోర్డు నుంచి షెడ్డుకు లావు వైరు వేరుగా లాగించమని చెప్పాడు. చిన్న మిషన్ త్వరగా వేడెక్కుతుంది కదా అన్నాను. “నాలుగు రాడ్లు కాల్చి చాయ తాగుండ్రి. మీరు చాయ తాగేలోపు అది సల్లబడ్తది. మీకు గూడ జర దమ్ము దొరుకుతది” అన్నాడు.

దరఖాస్తు పెట్టి, వైరు లాగించి, పెద్ద మిషన్‌ను రాణీగంజ్‌కు తిరిగి తీసుకెళ్ళాను. దుకాణదారు నవ్వు దాచుకోలేదు. “ఇంటికి గింత పెద్దది ఎందుకని అడుగుదామనుకున్న సాబ్. మీరు ఇన్‌స్పెక్టర్ అన్నరు. చెప్తే ఏమనుకుంటరో అని ఊకున్న” అన్నాడు. గొడవ లేకుండా మార్చి ఇచ్చాడు. చిన్న మిషన్‌ను ఒడిలో పెట్టుకుని మామూలు ఆటోలో ఇంటికి వచ్చాను. వాన దారంతా కురిసింది.

ఆ మిషన్ మీద మొదటిసారి రాడ్ అంటుకుని, కళ్ళముందు ఆ నీలివెలుగులో కరిగిన ఇనుము చిన్న చెరువులా కదిలినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని నేను సరిగా చెప్పలేను. పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఇరవై ఏళ్ళవాడినయ్యాను. అతుకు చూస్తే కోడి గీకినట్టుంది. అయినా దాన్ని పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. సుగుణ, “వేడిది స్టవ్వు గట్టు మీద పెట్టకండి” అంది.

కనకయ్య రెండు రోజులకొకసారి వచ్చేవాడు. హోల్డర్ ముట్టేవాడు కాదు. అది నా మొక్కు కాబట్టి చూడడమే తన పని అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, సైట్లో నేను నిలబడినట్టే నిలబడేవాడు. అతుకు అంచు వెంట ఇనుమును తినేసి గాడి పడితే దాన్ని అండర్‌కట్ అంటారు. నాకవి వరుసగా పడ్డాయి. అతను నా జేబులోని పసుపు మార్కర్ అడిగి తీసుకుని, ఎంతో మర్యాదగా ఒక్కో ‘ఆర్’ రాసేవాడు. మొదటి వారం ఇరవై రెండు రాశాడు. రాసేటప్పుడు ముఖంలో వెలుగు దాచడానికి అతను చేసిన ప్రయత్నం నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. ఇద్దరం షెడ్డులో నవ్వుకుంటుంటే సుగుణ వచ్చి ఎవరికి దెబ్బ తగిలిందని అడిగింది.

వీధితో ఇంకో ఒప్పందం కుదరవలసి వచ్చింది. నేను రాడ్ గీసిన ప్రతిసారీ వీధిలో వోల్టేజి కాస్త తగ్గేది. సుబ్బలక్ష్మిగారు వచ్చి చెప్పారు.

“రత్నంగారూ, మీరు అతుకు వేసినప్పుడల్లా మా టీవీలో మనుషులు పొట్టివాళ్ళయిపోతున్నారండి. నిన్న హీరోయిన్ ఏడుస్తుంటే పిల్లలు నవ్వారు.”

రెండు నుంచి నాలుగు దాకా సీరియళ్ళనీ, ఆ వేళలో మిషన్ ముట్టకూడదనీ తీర్మానమైంది. నేను ఆ వేళలు కాగితం మీద రాసి మిషన్‌కు అంటించాను.

ప్రతిష్ఠకు ముందు శుక్రవారం సెలవు పెట్టాను. గేటు అంతా అయింది, పై కబ్జాలు, అంటే గేటు తిరిగే మడతబందులు, రెండూ తప్ప. గేటు బరువంతా మోసేవి అవే. వాటి అతుకులు ఊడితే గేటు ఏ పసివాడి మీదైనా పడుతుంది. మర్నాడు పొద్దున్నే గేటు తీసుకెళ్ళడానికి బండి వస్తుంది. పొద్దుటి నుంచి మూడుసార్లు వేశాను. రాడ్ అంటుకుపోతోంది, అతుకు పైపైన కూర్చుంటోంది. ఒంటిగంటకు వచ్చిన కనకయ్య మూడోదానికీ ‘ఆర్’ రాశాడు. ఇది నవ్వుతూ రాయలేదు.

“మీ చెయ్యి మంచిగనే ఉంది సార్. కరెంటే తక్కువొస్తుంది. అందరు మోటర్లు నడుపుతున్నరు” అన్నాడు.

పోనీ రెండు కబ్జాలే కదా, అతన్నే వెయ్యమని అడగాలన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అతని చేతిలో అయితే తక్కువ కరెంటులోనూ పడేవి. ఎవరికీ తెలిసేదీ కాదు. నేను షెడ్డు మూలకు వెళ్ళి కళ్ళు మూసుకున్నాను. ఈసారి తలుపుల మాట ఎత్తలేదు. సహాయం చెయ్యమని మాత్రమే అడిగి, కళ్ళు తెరిచి, వీధి దాటి సుబ్బలక్ష్మిగారి తలుపు కొట్టాను.

అప్పటికి రెండు కావస్తోంది. విషయం చెప్పి, ఒక గంటసేపు మోటారు, ఫ్రిజ్ ఆపగలరా అని అడిగాను. ఆవిడ టీవీ వైపు ఒకసారి చూశారు.

“ఈ ఒక్కరోజు కథ రేపు వాళ్ళే మళ్ళీ చెబుతారు లెండి” అంటూ చెప్పులు వేసుకున్నారు. ఇంటింటికీ తానే వెళ్ళి, “రత్నంగారి దేవుడి గేటు ఆగిపోయిందట, మోటార్లు ఆపండి” అని చెప్పుకుంటూ పోయారు. అందరూ వేరే దేవుళ్ళకు మొక్కేవాళ్ళే. అయినా మా వరుస మొత్తం ఒక్కో స్విచ్చీ ఆపింది. ఆడవాళ్ళు విసనకర్రలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చి కూర్చున్నారు.

రాడ్ గీశాను. రాడ్ కొసన వెలిగే ఆర్క్ గట్టిగా, నిండుగా నిలిచింది. నూనె వేగినట్టు ఒకే చప్పుడు. కింది నుంచి పైకి రెండు కబ్జాలూ ఒక్క దమ్ములో అతికాను. స్లాగ్ అనే పైపెచ్చు సుత్తి తగలగానే దానంతట అదే లేచి వచ్చింది. కనకయ్య కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. వేలితో అంచు వెంట తడిమాడు. మార్కర్‌కు మూత పెట్టి నా జేబులో పెట్టాడు.

“పాస్, సార్” అన్నాడు.

నేను చెప్పులు లేకుండా వీధిలోకి పరుగెత్తి, అయిపోయింది, మోటార్లు వేసుకోండి అని ఈ చివరి నుంచి ఆ చివరికి చెప్పుకుంటూ వెళ్ళాను. వయసు నలభై ఆరు, హోదా సీనియర్ ఇన్‌స్పెక్టర్.

ఆదివారం పాస్టర్ గారు ఒక్క చేత్తో తోస్తే గేటు తెరుచుకుంది. సాక్ష్యాల సమయంలో నేను లేచి, పెద్ద మిషన్ మొదలుకుని ఉన్నదంతా సంఘానికి చెప్పాను. వెనుక వరుసలో కూర్చున్న కనకయ్య, సుబ్బలక్ష్మిగారు అందరికన్నా గట్టిగా నవ్వారు.

నేను నేర్చుకున్నది ఇది. ఇంటి పనికి మిషన్ కొనేవారు మొదట మీటరు, వైర్లు చూసుకోవాలి. తర్వాత అతకవలసిన ఇనుము మందం చూడాలి. ఆ రెండూ తేలాకే దుకాణానికి వెళ్ళాలి. హోదా ఉన్నవాడికి సంగతి తెలిసినవాళ్ళు కూడా చెప్పరు, కాబట్టి అతనే అడగాలి. ప్రార్థించినవాడు కళ్ళు తెరిచాక ఎదుట ఉన్నదాన్ని చూడాలి. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ‘ఆర్’ రాసే ముందు కరెంటు సరిగ్గా వస్తోందా అని వెల్డర్‌ను అడిగాను. నా మార్కర్లు మూడేసి నెలలు వచ్చాయి.

ఇప్పుడు మీరు ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ప్రభువా, ఈ వేళ ఎక్కడో ఎత్తున కూర్చుని నిప్పురవ్వల మధ్య అతుకు వేస్తున్నవారి కళ్ళు కాపాడు, చెయ్యి నిలకడగా ఉంచు, వారి అతుకు మీద బరువు మోపే మేము వారిని మరిచిపోకుండా చూడు. ఆమేన్.