పురుగులింట్లో దాగిన మనిషి

కొత్త పుస్తకం వాసన నాకెప్పుడూ చిన్నప్పటి బుడ్డిదీపం కిరసనాయిలునే గుర్తుకు తెస్తుంది. మదనపల్లె పక్క అంగళ్లు ఊరి కాలేజీలో చదివే మా మనవరాలు లైబ్రరీ నుంచి తెచ్చిన ఆ లావుపాటి పుస్తకానికి, పరాయి సొత్తు కదా అని పాత పేపరు అట్ట వేసి, నాకున్న ఐదో తరగతి చదువుతో కూడబలుక్కుంటా చదివినాను. మా వైపు ముసలి నాయకుడొకాయన రాసుకున్న సొంత కథ అది. అందులో నేను వెతికింది మా అమ్మ కోసరమే.

అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏడు. పుంగనూరు పక్క పల్లెలో మా ఇల్లు; ముందు భాగం మనుషులకు, వెనక గది పట్టుపురుగులకు. పురుగులు మేసే కాలమంతా వాటి మర్జీనే మా బతుకు: మంచు ఆరినాక కోసుకొచ్చిన మల్బరీ ఆకు, తడిగోనె కప్పిన గంపలు, సున్నం చల్లిన గడప, తట్టల నిండా ఆకు కొరికే సన్నటి చప్పుడు. వాటికి పొగా ఘాటూ పడవని ఇంట్లో తాలింపు బందు. పండగొచ్చినా వడా బూరె లేకుండా రాగిసంగటి, చింతకాయ తొక్కుతోనే సరిపెట్టుకునేవాళ్లం. కాళ్లు కడగకుండా లోపలికి పోతే అమ్మ చేతి చింతబరికె పిక్కల మీద ఆడేది. చుట్టాలైనా వీధిలోనే మాట్లాడి పోవాల్సిందే. పురుగులు నాలుగోసారి కుబుసం విడవడాన్ని నాలుగో జ్వరం అనేవాళ్లం; ఆ దినాల్లో ఆ గదిని బాలింత గది మాదిరి చూసేవాళ్లం.

అట్లాంటప్పుడే, మీటింగుల్లో గట్టిగా మాట్లాడినాడని పోలీసులు వెతుకుతా ఉన్న కుర్రోణ్ణి మా నాయన మదనపల్లె నుంచి వెంటబెట్టుకొచ్చినాడు. అమ్మ మారుమాట్లాడకుండా కాళ్లకు నీళ్లిచ్చి, తట్టల వెనక గోనెపట్ట పరిచింది.

పోలీసొచ్చినప్పుడు అమ్మ గడపకు అడ్డంగా కూచుని ఆకు తరుగుతాండింది. లేవను కూడా లేవలేదు.

"పురుగులుండాయప్పా, గడప తొక్కొద్దు. పరాయి కాలు పడితే పంట పోతాది."

ఆయనా ఈ సీమవాడే. జ్వరమెన్నోదమ్మా అని మాత్రం అడిగి, గడపకు దూరంగానే నిలబడి, వెనక్కి మళ్లినాడు.

లోపలున్న కుర్రోడు దిగులుకు బీడీ మీద బీడీ తాగినాడు. ఆ పొగకు పురుగులు మేత మానేసి, మెత్తబడి, నల్లబడినాయి. ఒక్క గూడూ అల్లకుండానే తట్టలకు తట్టలు దిబ్బలో పోసి మన్ను కప్పినాం. నేనేడిస్తే అమ్మ, "మనిషి దక్కినాడు గదా, నోరు మూసుకో" అనింది.

ఆ కుర్రోడు పెద్ద నాయకుడైనాడు. టీవీలో కనపడినప్పుడల్లా అమ్మ, మా పురుగులింటి బిడ్డ అని మురిసేది. పింఛను కోసమైనా ఆయన గడపకు పోలేదు.

పుస్తకంలో ఆయన్ను దాచి కాపాడింది కుప్పంలో ఒక పెద్ద కాంట్రాక్టరంట; తరవాత ఇద్దరూ వియ్యంకులైనారు. పుంగనూరు పక్క పల్లెలో ఆకలితో తలుపు తడితే మాత్రం, ఒక ఆడమనిషి "పురుగులుండాయి, గడప తొక్కొద్దు" అని తరిమేసిందంట. పేదల గుండెలు కూడా ఎండిపోయిన కాలమని రాసినాడు. మరిచిపోయుంటే ముసలితనమని సరిపెట్టుకుందును. అమ్మ మాట పొల్లు పోకుండా గుర్తుపెట్టుకున్నాడు. ఎవరితో అనిందో అది ఒక్కటి మార్చినాడు.

ఇప్పుడా గది లేదు. ఆ చోట టమోటా క్రేట్లు పేర్చుకునే రేకుల షెడ్డుండాది. మల్బరీ తోట ఇళ్ల ప్లాట్లైంది. అమ్మా నాయనా పోయి చాలా ఏండ్లైంది. ఆ పేజీ చూపించి మనవరాలికి జరిగిందంతా చెప్పినాను. అది శ్రద్ధగానే వినింది. విని, "మరి అచ్చులో ఇట్లుండాదే అవ్వా" అనింది.

ఆనాటి సంగతి తెలిసి మిగిలింది మేమిద్దరమే, ఆయనా నేనూ. ఆయన రాసేసినాడు. అందుకే మా అమ్మ తలుపు తీసిందని నేనూ రాస్తాండాను.