హోటల్‌కు పోయే ముందు పప్పన్నం

నిన్న బొంగులూరులో కొత్త హోటల్ ముందు నుంచి వస్తుంటే మసాలా దోసె వాసన తగిలింది. ఈ వయసులోనూ నాకు కోపమే వచ్చింది.

మిత్రులారా, మన కాలంలో పిల్లలను హోటల్‌కు తీసుకుపోయే ముందు ఇంట్లోనే కడుపు నింపేవాళ్లు, గుర్తుందా? వేసవి సెలవులకు నేను పట్నంలో మేనమామ ఇంటికి పోయేవాణ్ని. ఒకసారి, చివరి రోజు చార్మినార్ చూపించి దోసె తినిపిస్తానన్నాడు మామ. సెలవులన్నీ ఆ దోసె కోసమే ఎదురుచూశాను. తీరా బయలుదేరబోతుంటే అత్తమ్మ పప్పన్నం పళ్లెం ముందు పెట్టింది.

"ఆకలైతలేదు అత్తమ్మా."

"గట్లంటె ఎట్లరా? హోటల్ తిండి కడుపుకు ఆనదు. ఇంకో ముద్ద తిను."

వద్దన్నకొద్దీ వడ్డించింది. ఆయాసపడుతూ చార్మినార్ ఎక్కాను. హోటల్లో పొగలు కక్కే దోసె రెండు తుంపులు తిన్నాను. మూడోది గొంతు దిగలేదు. మిగిలిందంతా మామే లాగించాడు.

సాయంత్రం నన్ను ఇబ్రహీంపట్నంలో మా ఇంటి దగ్గర దింపి బాపుతో అన్నాడు: "నీ కొడుక్కు హోటల్ తిండి సయించది బావా. ముందట పెట్టినా తినలే."

ఇన్ని పుస్తకాలు చదివాను, ఆ మాటను క్షమించే కారణం ఒక్కటీ దొరకలేదు. ఎందుకంటే బాపు దాన్ని నమ్మాడు. తర్వాత ఎప్పుడు పట్నం పోయినా మా చెల్లెలికి దోసె ఇప్పించి, నా ముందు ఇంటి నుంచి తెచ్చిన సద్ది విప్పేవాడు.