రాగిచెంబు నీళ్లు

బతుకుదెరువుకు వలసొచ్చిన లింబాయత్ సందులో మరమగ్గాలు ఎంత హోరెత్తినా, భూదేవి ఇంట్లో పొద్దు మొదలయ్యేది చింతపండు రాపిడితోనే. మగ్గాల షెడ్డులో దారం కండెలు చుట్టి చుట్టి కాయలు కాచిన ఆ చేతులు, పుట్టింటివాళ్లు పెళ్లికి పెట్టిన రాగిచెంబును ముక్కు మీద చెమట పట్టేదాకా తోముతాయి. రాత్రంతా అందులో నిలవ ఉంచిన నీళ్లు పొద్దున్నే తాగిస్తే పిల్లలకు ఏ రోగమూ రాదని ఆమె నమ్మకం. పెద్దవాడు ఉమాకాంత్ కామెర్లతో మంచం పట్టినప్పుడు మెడ కింద చెయ్యేసి లేపి మరీ తాగించింది. వాడు దక్కలేదు. ఇప్పుడు కూతురు రుచిత చేతులు వణికి దారం ముడి వేయలేకపోతుంటే, చెంబును ఇంకాస్త ఎర్రగా తోమింది.

పెద్దాసుపత్రి డాక్టరు మేనరికమా అని అడిగి, అవుననగానే హిందీలో నిదానంగా చెప్పాడు. ఒంట్లో చేరిన రాగిని మోసి బయటికి పంపాల్సిన జన్యువు ఈ పిల్లలో చెడిపోయింది, తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిందే వచ్చింది, మీ ఇద్దరిలో చెడినదానికి తోడు మంచిదీ ఒకటుంది కాబట్టి మీకేమీ కాదు, పిల్లకు మందులు వాడాలి, రాగిపాత్రలో నీళ్లు తాగొద్దు. భూదేవి ఒక్కటే అడిగింది.

"పెద్దోనికి గూడ గిదేనా సారూ?"

అయ్యుండొచ్చన్నట్టు ఆయన తలూపాడు.

"గా చెంబు అవుతల పారెయ్యే" అన్నాడు ఇంటికొచ్చాక భర్త లక్ష్మీరాజం.

"పారేస్తే ఇంకెవలో ఏరుకపోయి పోరగాండ్లకు తాపుతరు మామా" అందామె.

మర్నాడూ తోమింది. రుచితకు స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చి, చెంబెత్తి అడుగుదాకా తనే తాగింది. అప్పట్నుంచి రోజూ తాగుతోంది. ఆమెకు ఏమీ కావడం లేదు.