తాతయ్య చేతి దాకా

నా చిన్నప్పుడు మా ఇల్లు తెనాలిలో రైలుకట్టకు దగ్గర్లో ఉండేది. మా తాతయ్య రేపల్లె బండికి ఇంజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆ రోజు ఎవరో పై అధికారి ఆయనకు ఒక బొమ్మ ఇంజను బహుమతిగా ఇచ్చాడట. తిరునాళ్ళలో దొరికే రేకు బొమ్మ కాదది. జానెడు పొడవున అచ్చం అసలు ఇంజనులాగే ఉండేది. లోపల మోటారు, నడవడానికి చిన్న పట్టాలు కూడా ఉండేవి. నాకు ఊహ తెలిసేసరికే అది పాడైపోయి బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

ఒక ఏడాది తాతయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అంత రైలును ఆపిన చెయ్యి అన్నం ముద్ద ఎత్తలేకపోయింది. తైలాలు, మందులు, మొక్కులు అన్నీ అయ్యాయి. ఇంటిల్లిపాదీ ఆయన మంచం చుట్టూ చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. నేను ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి మా బాబాయి, "ఊరుకోవే! ఆ ఇంజను కదిలితే తాతయ్య చెయ్యీ కదులుద్ది" అన్నాడు. పెద్దవాళ్ళు నోటికొచ్చింది అనేసి మర్చిపోతారు. పిల్లలు మర్చిపోరు. నేను బాబాయి ప్రాణం తోడేశాను.

చివరికి తాతయ్య మంచం పక్కనే చాప వేసుకుని బాబాయి ఇంజను విప్పాడు. లోపల నూనె జిగురులా గడ్డకట్టింది. చక్రాలను కిరసనాయిల్లో నానబెట్టి పాత బ్రష్షుతో నేనే తోమాను. మోటారుకు కరెంటు అందించే బొగ్గుముక్క అరిగిపోయింది. అలాంటిది ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. బాబాయి అయిపోయిన టార్చి బ్యాటరీ పగలగొట్టి, అందులోని బొగ్గుపుల్లను గచ్చు మీద అరగదీసి సరిపెట్టాడు. అమ్మ కుట్టుమిషను నూనె తెచ్చి ఇచ్చింది. ఒకసారి మంచం మీద పెట్టిన స్క్రూ దొర్లితే తాతయ్య అలవాటు కొద్దీ పట్టుకోబోయాడు. చెయ్యి రాలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేనూ బాబాయీ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

బ్యాటరీలు తగిలించగానే ఇంజను గుర్రుమని కదిలింది. బాబాయి చప్పట్లు కొట్టాడు. నేను తాతయ్య చెయ్యివైపే చూస్తున్నాను. అది కదల్లేదు. ఇంజను ఆ చెయ్యి దగ్గరికి వెళ్ళాలేమో అనుకుని బాబాయి చేత పట్టాలను మంచం మీద వేయించి, ఆ చివర ఆయన వేళ్ళు పెట్టాను.

"కళ్ళు మూసుకో తాతయ్యా. తగిలితే చెప్పు" అన్నాను.

ఆయన మూసుకున్నాడు. ఇంజను బయల్దేరింది. మెత్తటి పరుపు మీద పట్టా అతుకు ఊడి, వేళ్ళకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. చప్పుడు ఆగగానే తాతయ్య, "తగిలిందమ్మా! చల్లగా తెలిసింది" అన్నాడు.

బాబాయి తల దించుకున్నాడు. "అవును తాతయ్యా, తగిలింది" అన్నాను నేను. ఆయన కళ్ళు తెరిచేలోగా ఇంజనును వేళ్ళ దాకా జరిపేశాను.

ఆ చెయ్యి మళ్ళీ కదల్లేదు. తన చెయ్యి పడిపోయి కూడా నన్ను ఊరడించే పని తాతయ్య మీదే పడింది.

మొన్న బాపట్లలో మంచాన పడ్డ మా చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మీదికి వంగి, "నేనెవర్నో చెప్పు పిన్నీ, గుర్తుపట్టావా?" అని అడుగుతున్నారు. మాట పడిపోయిన మనిషి పాపం అందరికీ తల ఊపుతోంది. ఒళ్ళు మండి అందర్నీ బయటికి పంపేశాను. దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని కూర్చున్నాను. నా చెయ్యి తెలుస్తోందా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అడిగితే, అది నా కోసం అవునని తల ఊపుతుంది.