మిషన్ లేదన్న డిస్కు

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే నేను పెళ్లయి ద్రాసా ఊరికి వచ్చాను. అప్పటి నుంచి ఏటా పితృపక్షంలో మా ఆయన వరండాలో పీట మీద కూర్చునేవారు. వెనక మా అత్త కూర్చుని పెద్దల పేర్లు ఒక్కొక్కటే అందించేది. ఆయన ఆ పేరు పలికి నీళ్లు వదిలేవారు. చెరకు తోటల్లో కూలికి గిర్మిట్ ఒప్పందం కింద ఓడెక్కి వచ్చినవాళ్లు, వాళ్ల భార్యలు, వాళ్లకు ముందున్నవాళ్లు. మా అత్తకు ఆ పేర్లు ఆమె అత్త చెప్పింది. కాగితం మీద ఎక్కడా లేవు.

నేను నేర్చుకుని ఉండాల్సింది. నాకు చదువు లేదు గాని, ఎవరి పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో ఇప్పటికీ చెప్పగలను. ఆ పేర్లు మాత్రం ఎందుకో చెవిన పడి జారిపోయేవి.

అత్త పోవడానికి కొన్ని నెలల ముందు లౌటోకా పట్నంలో ఆఫీసు ఉద్యోగం చేసే మా అమ్మాయి పాత కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చింది. మైకు పెట్టి నాయనమ్మతో ఆ పేర్లన్నీ చెప్పించి అందులో దాచింది. తర్వాతి పితృపక్షానికి అత్త లేదు. తిథికి రెండు రోజులుందనగా కంప్యూటర్ తెరిస్తే నీలం తెర వచ్చి ఆగిపోయింది.

"పాత సిస్టమ్ చెడిపోయిందమ్మా," అంది అమ్మాయి. "కొత్తది ఎక్కిస్తాను. డిస్కును రెండు భాగాలు చేసి ఉంచాను, ఆజీ గొంతు రెండో దాంట్లో ఉంది. దాన్ని ముట్టుకోను."

ఆజీ అంటే నాయనమ్మ. ఇక్కడి పిల్లలంతా అలాగే పిలుస్తారు.

సీడీ పెట్టింది. కాసేపటికి తెర మీద ఒక వాక్యం వచ్చింది. అమ్మాయి చదివి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"క్యా బోలే?" అన్నారు మా ఆయన.

"డిస్క్ నై హై బోలే, నాన్నా. అసలు డిస్కే లేదంటోంది."

నేను కంప్యూటర్ పెట్టె మీద చెవి ఆనించాను. లోపల తిరుగుతోంది. మధ్యమధ్య టిక్ మంటోంది, ఎవరో గోటితో తలుపు తడుతున్నట్టు. ఉన్నదాన్ని పట్టుకుని లేదంటోంది మిషన్.

"డిస్క్ ఉంది. కొత్త సిస్టమ్‌కి దానితో మాట్లాడ్డం రాదు," అంది అమ్మాయి. "మధ్యలో డ్రైవర్ కావాలి."

"డ్రైవర్ కావాలంటే నేనున్నాగా," అన్నారాయన. ముప్పై ఏళ్లుగా చెరకు లారీ తోలుతున్న మనిషి. ఎవరం నవ్వలేదు.

ఆ డ్రైవర్ ఒక ఫ్లాపీలో ఉండేదట. కంప్యూటర్‌తో పాటే వచ్చింది. "ఇది పోతే మిషన్ బతకదు, దాచు ఆజీ," అని అమ్మాయి అత్తకే ఇచ్చింది. అత్తకు భద్రమంటే తమలపాకుల డబ్బాయే. అత్త బూడిద కలిపిన రోజు, ఆమె వాడిన వస్తువులతో పాటు ఆ డబ్బాను కూడా మూత తీయకుండా సముద్రంలో వదిలింది నేనే. పోయినవాళ్ల డబ్బా తెరిచి చూడకూడదని మా ఇంటి పద్ధతి.

"తనతోనే తీసుకుపోయింది," అన్నాను.

"అట్ల అనకమ్మా," అంది అమ్మాయి. కానీ తనూ ఆ పెట్టె వైపు చూడలేదు.

మర్నాడు కంప్యూటర్ పెట్టె మూత విప్పి, అద్దంతో ఎండ లోపలికి పడేట్టు నన్ను పట్టుకోమంది. లోపలున్న నల్లటి చిన్న బిళ్ల మీది నంబరు రాసుకుని ఆఫీసుకు వెళ్లి, ఇంటర్నెట్‌లో వెతికి, దానికి సరిపోయే డ్రైవర్‌ను ఫ్లాపీలో ఎక్కించి తెచ్చింది. మొదట తెచ్చింది వేరే మోడల్‌ది. మళ్లీ నీలం తెరే. రెండోసారి వెళ్లొచ్చింది. సీడీ మొదలయ్యేటప్పుడు తెర కింద ఒక వరుస కనబడి మాయమవుతుంది, ఆ లోపలే మీట నొక్కాలి. నొక్కింది. ఫ్లాపీ గరగరమంది. తెర మీద డిస్కు వచ్చింది, దాని రెండు భాగాలూ వచ్చాయి. మొదటిదాన్ని మాత్రమే చెరిపి, కొత్త సిస్టమ్ అందులో ఎక్కించింది. అది పూర్తయ్యేదాకా మా ఆయన గుమ్మంలో నిలబడే ఉన్నారు.

తిథి రోజు పొద్దున, ముందు ఒకసారి విని చూసే ఓపిక కూడా లేక, నేరుగా వరండాలోనే బల్ల మీద పెట్టి మొదలుపెట్టాం. అత్త గొంతు వచ్చింది. ఒక్కో పేరు చెప్పి ఆగుతోంది. ఆయన పలుకుతున్నారు, నీళ్లు వదులుతున్నారు. వెనక ఆమె పీట వేసే చోటు ఖాళీగానే ఉంది. అటు కాళ్లు పెట్టకుండా కూర్చున్నాం అందరం.

చివరికి మా మామ వంతు వచ్చింది. అత్త బతికుండగా భర్త పేరు ఎన్నడూ నోట రానివ్వలేదు. ఏటా అక్కడికి రాగానే కొడుకు భుజం మీద తట్టేది.

"ఇప్పుడు మీ నాయనది," అంది పెట్టెలోంచి. "నేను చెప్పను. నువ్వు చెప్పు."

ఆయన చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయారు. పెట్టెలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. రికార్డింగ్ అయిపోయిందనుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకుని, దగ్గి, ఎప్పటికో తండ్రి పేరు చెప్పారు.

"ఆఁ," అంది అత్త. "నీళ్లు వదులు."

ఆ సాయంత్రమే అమ్మాయి ఆ రికార్డింగ్‌ను సీడీలోకి దింపుతూ మళ్లీ వినిపించింది. నువ్వు చెప్పు అన్నదానికీ, ఆఁ అన్నదానికీ మధ్య ఒక్క ఊపిరి తీసుకునేంత ఖాళీ కూడా లేదు.

"డ్రైవర్ కొత్తది కదా, పొద్దున డిస్క్ అక్కడ తట్టుకుని ఆగి ఉంటుంది," అంది అమ్మాయి. మా ఆయన తలూపారు. నేను ఆ పేర్లన్నీ వరుసగా, మొదటిసారి తప్పు లేకుండా, పైకి చెప్పుకుంటూ కూర్చున్నాను.