ఊఁ కొట్టని మనిషి

మా డాక్యుమెంటరీ కోసం ఈ రోజు ఒడిశాలోని కొరాపుట్‌లో ఒక పెద్దాయనతో మాట్లాడాం. గుణుపూర్ వైపు తెలుగు రైతు. ఊళ్లో ఒక ముసలమ్మని చంపాడని, చేయని హత్యకి ఏళ్ల తరబడి జైల్లో ఉండి, నిర్దోషి అని హైకోర్టు తేల్చాక బయటికొచ్చాడు. మా బృందంలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ప్రశ్నలు నేనే అడిగాను.

ఎంతసేపు మాట్లాడినా ఆయన నోటివెంట ఒక్క 'ఊఁ' రాలేదు. రెప్ప వేయకుండా నా పెదాలనే చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ లేని గదిలో మాట్లాడుతున్నట్టు అనిపించింది.

"ఇనబడతందా తాతా?" అన్నాను.

"ఇనబడతంది అమ్మీ. నన్ను కోర్టుకి తీసుకెల్లిన దినం మేజిస్ట్రేటు సారు ఒడియాలో ఏటేటో అడిగేరు. నాకు సగమే తెలిసింది. పెద్దోరు సెప్తన్నారు గదా అని ఊఁ కొట్టేను. అన్నీ ఒప్పీసుకున్నానని రాసీసేరు. అప్పట్నించి ఊఁ కొట్టడం మానీసేను."

సాయంత్రం ఆ రికార్డింగు వింటూ కూర్చున్నాను. ఆయన ప్రతి మాట వెనకా ఒక ఆడగొంతు మెత్తగా ఊఁ అంటోంది. ఎవరా అనుకున్నాను. నేనే.

"ఆ ముసలమ్మని నానే సంపీసేనన్నారు," అంటాడాయన.

"ఊఁ," అంటున్నాను నేను.

అక్కడ మాట ఆపేసి నా కళ్లలోకి ఎందుకు చూశాడో ఇప్పుడు అర్థమైంది.

ఇక్కడిదాకా చదివారుగా, నిజం చెప్పండి. మీరు ఏ మాటకి ఊఁ కొట్టారు?